గురువారంలోగా చీమలు పోవాలి

మా ఆయన గోపాలరావుకు క్రోసూరు సెంటర్లో పురుగుమందుల కొట్టు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కొట్టు. పొద్దున ఏడింటికల్లా రైతులు మిరపాకో పత్తాకో ప్లాస్టిక్ కవర్లో వేసుకొచ్చి కౌంటరు ముందు నిలబడతారు. ఈయన ఆకును వెలుగులోకి తిప్పి, భూతద్దం పెట్టి చూసి, ఫలానా పురుగు, ఫలానా మందు, ట్యాంకుకు ఇన్ని మిల్లీలు అని చెబుతాడు. చెప్పినట్టు కొడితే చాలాసార్లు తగ్గుతుంది కూడా. అందుకే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఆ విలువ ఇంట్లో కూడా ఉంటుందని ఆయన అనుకోకుండా చూసుకోవడం నా పని.

అలాంటి మనిషి ఇంట్లోకి చీమలు వచ్చాయి. నల్లచీమలైతే పోనీలే అనుకునేదాన్ని. వచ్చినవి ఎర్రచీమలు. ఇంట్లో మూడు నెలల పసిపిల్ల ఉంది.

పాప మా అమ్మాయి యశస్విని కూతురు. పురిటికి వచ్చిన అమ్మాయి ఇంకా మా దగ్గరే ఉంది. ఐదో నెలలో తల్లీపిల్లల్ని శావల్యాపురం అత్తవారింటికి పంపాలని రెండు వైపులా అనుకున్నాం. అయితే ఆ ఒప్పందం వెనక నా లెక్క ఒకటి ఉంది. యశస్విని టీచరు పోస్టుల పరీక్షకు చదువుతోంది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాక వచ్చిన నోటిఫికేషను, మళ్ళీ ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేరు. పరీక్ష ఇంకా ఇరవై మూడు రోజుల్లో ఉంది. పాపను నేను చూసుకుంటే అది చదువుకుంటుంది. పరీక్ష రాశాక నిశ్చింతగా వెళుతుంది.

ముందే వెళితే చదువు సాగదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పాడి ఉన్న ఇల్లు, వచ్చేపోయే జనం, పొద్దున లేస్తే పదిమందికి కాఫీలు. బాలింతకి ఎవరూ పని చెప్పకపోవచ్చు. కానీ చుట్టూ అందరూ పని చేస్తుంటే పుస్తకం పట్టుకుని కూర్చునే గుండె మా అమ్మాయికి లేదు. ఎదురు మాట్లాడటం దానికి రాదు, ఆ విషయంలో నా పోలిక రాలేదని నాకెప్పుడూ దిగులే.

సోమవారం పొద్దున వియ్యపురాలు వీరరాఘవమ్మ వీడియో కాల్ చేసింది.

"పాప చెవి పక్కన ఎర్రగా ఏంది వదినగారూ?"

"చీమ కుట్టింది. ఒక్కటే."

"ఫోను కొంచెం దగ్గరికి పెట్టండి. ఒకటెక్కడ, మెడ మీద ఇంకో రెండున్నయ్. అన్నయ్యగారు ఊరందరి పురుగూ చంపుతారంట గదా, సొంత ఇంట్లో చీమల్ని చంపలేకపోయారా?"

"పోతయ్ లెండి. రెండు రోజులు."

"మూడు రోజులు తీసుకోండి. గురువారం నేను వస్తన్నా. అప్పటికి పోతే సరే. పోకపోతే పాపనీ కోడల్నీ నాతో తీసకపోతా. పరీక్షలదేముంది, మళ్ళీ వస్తయ్. పసిబిడ్డను ఇట్టా కుట్టిచ్చుకుంటా కూర్చుంటామా?"

మాటకు మాట ఎప్పుడూ నా నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం "రండి వదినగారూ, మీరే చూద్దురుగాని" అని ఫోను పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అన్న మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడం వల్ల ఇంకా మండింది.

ఆ సాయంత్రం మా ఆయన కొట్టు నుంచి భూతద్దం తెచ్చాడు. ఒక చీమను పట్టి, రైతులు తెచ్చే కవరు లాంటి కవరులోనే వేసి, ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఎర్రచీమే," అన్నాడు చివరికి.

"ఆ ముక్క అద్దం లేకుండా నేనూ చెప్పా."

"రకం తెలవాలి గదే. రకాన్ని బట్టి మందు."

మర్నాడు పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వాసన తగిలింది. ఆ వాసన నాకు పెళ్ళయిన కొత్తలోనే పరిచయం. కొట్టు నుంచి రాగానే ఆయన్ని పెరట్లో చొక్కా విప్పించి, స్నానం చేయించిగాని గుమ్మం ఎక్కనివ్వను. తడి చేతులతోనే ఇంటి ముందుకు పరిగెత్తాను. చేతిలో చిన్న స్ప్రేయరు, ముక్కుకు తువ్వాలు, మా ఆయన గడప మీద కాలు పెట్టబోతున్నాడు.

"ఏందది?"

"చానా తక్కువ డోసు కలిపానే. చేలో కొట్టేదాంట్లో సగం కూడా కాదు."

"మూడు నెలల పిల్ల ఏ చేలో పండిందయ్యా?"

"మూలలకే కొడతా."

"నాలుగు రోజులాగితే ఆ పిల్ల బోర్లాపడి మూలలకే పాకిద్ది. ఆ చేతులు నోట్లో పెట్టుకునిద్ది. ఆ పంపు గడప దాటి వచ్చిందా, పిల్లనీ తల్లినీ నేనే తీసకపోయి శావల్యాపురంలో దిగబెట్టి వస్తా."

"ఇన్నేళ్ళు చేసిన పని. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. ఆ డబ్బా మీద పుర్రె బొమ్మ చూశావా? దాని మీద లేదు."

ఆయన స్ప్రేయరు పట్టుకుని అలాగే వెనక్కి తిరిగి కొట్టుకు వెళ్ళిపోయాడు, ఇడ్లీ కూడా తినకుండా. పాపం అనిపించింది. మనవరాలంటే ఆయనకు ప్రాణం. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. తెలిసిన చెయ్యి ఊరుకోదు. కానీ జాలిపడి గడప వదిలే మనిషిని కాదు నేను.

చీమల పని నేను పట్టాను. మా ఇంట్లో కింద పరిచినవి మాచర్ల నాపరాళ్ళు. ఇరవై ఏళ్ళు కడిగి కడిగి రాయికీ రాయికీ మధ్య సందులు తెరుచుకున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని హాలు మొత్తం తిరిగి, సందు కనపడిన చోటల్లా తెల్ల సిమెంటు కూరాను. చీమల బారు నడిచిన గోడను సబ్బునీళ్ళతో తుడిచాను. ముందు పోయిన చీమ వాసన పట్టుకునే వెనక చీమ నడుస్తుంది, ఆ వాసన పోతే దారి తప్పుతుంది. పంచదార, బెల్లం, పాల డబ్బా అన్నీ గట్టి మూతల డబ్బాల్లోకి మార్చాను. పాప పడుకునే మంచం నాలుగు కోళ్ళ కింద నాలుగు పళ్ళేలు పెట్టి నీళ్ళు పోశాను. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపాను. దోమతెర తాడు కిటికీ మేకుకు కట్టి ఉంటే, అది చీమలకు వంతెన అవుతుందని విప్పి, పైకప్పు కొక్కేనికి కట్టి, తాడుకు ఆముదం రాశాను. ఇంతకంటే ఎవరైనా చేయగలరా? సాయంత్రానికి నడుం విరిగింది గాని గెలిచాననే అనుకున్నాను. రాత్రి మా ఆయనతో, "రేపట్నుంచి నీ రైతులను నా దగ్గరికి పంపు," అని కూడా అన్నాను.

బుధవారం తెల్లారి పాప గుక్కపట్టి ఏడ్చింది. చెవి కింద కొత్తగా రెండు దద్దుర్లు. మంచం కోళ్ళ కింద నీళ్ళు నిన్న పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్క చీమ కూడా నీళ్ళలో పడి చావలేదు.

యశస్విని పాపను భుజాన వేసుకుని చాలాసేపు అటూ ఇటూ నడిచింది. పాప ఊరుకున్నాక వచ్చి, బల్ల మీద పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"అమ్మా, నేను వెళ్తాలే. గొడవెందుకు?"

"ఎక్కడికి వెళ్తావు? ఇంకో రోజుంది."

"పరీక్ష మళ్ళీ ఎప్పుడైనా రాయొచ్చు. పాపకి ఇట్టా అవుతంటే నాకు అక్షరం ఎక్కట్లా."

చీమలకు రాని ఏడుపు నాకు ఆ పుస్తకాల దొంతర చూస్తే వచ్చింది. వంటింట్లోకి పోయి, కుక్కరు మూడు కూతలు వేసేదాకా ఏడ్చి, ముఖం కడుక్కున్నాను.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. నిన్నటి అలక ఇంకా దిగలేదు, పప్పు అడగడానికి కూడా గిన్నె వైపు వేలు చూపిస్తున్నాడు.

"ఏమయ్యా, రైతు ఆకు పట్టుకొస్తే ముందు నువ్వు ఏం అడుగుతావు?"

"ఎందుకు?"

"చెప్పు."

"పురుగు ఎక్కడ మొదలైందని అడుగుతా. గట్టు వైపా, నడి చేలోనా. చెప్పలేకపోతే నేనే బండేసుకుని పోయి చూస్తా."

"మరి మనింట్లో చూశావా? నువ్వు చీమని చూశావు. నేను సందులు చూశా. అయ్యి ఎక్కడికి పోతన్నయో ఇద్దరం చూళ్ళా."

ఆయన గబగబా తినేసి, చెయ్యి కడిగి, భూతద్దం తీశాడు. యాభై ఆరేళ్ళ మనిషి లుంగీ ఎగ్గట్టి నాపరాళ్ళ మీద బోర్లా పడుకున్నాడు. పక్కన నేను. పగలు పాపను చల్లగా ఉంటుందని కింద చాప మీదే పడుకోబెడతాం. ఫ్యాను కింద అది హాయిగా నిద్రపోతోంది. కిటికీ చట్రం కింద, నా సిమెంటుకు అందని చీలికలోంచి, సన్నటి ఎర్రదారంలా బారు. ఆ దారం గోడ దిగి, రెండు రాళ్ళు దాటి, నేరుగా చాప అంచు కిందికి వెళుతోంది.

"చూశావా," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "చాప వైపు పొయ్యేయి ఖాళీగా పోతన్నయ్. గోడ వైపు పొయ్యేయి బరువుతో పోతన్నయ్."

"బరువేంది?"

"గింజ." అద్దం ఇంకా కిందికి దించాడు. "గుండ్రంగా, ఎర్రగా ఉంది. ఇది రాగి గింజే. రాగులు ఎక్కడియ్యే మనింట్లో?"

ఎక్కడివో నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పాలి.

పాప పుట్టిన పదో రోజున వీరరాఘవమ్మ ఒక చిన్న దిండు పంపింది. ఆవాల దిండు. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని మావైపు ఆవాలు నింపిన దిండు పెడతారు. తల ఎటు తిప్పితే ఆవాలు అటు సర్దుకుంటాయి. ఆవిడ తన పాత నూలు చీర చించి, సొంత చేత్తో కుట్టి పంపింది. అప్పుడు మంచి ఎండలు. ఆవాలు వేడి, పసిదాని తలకు వేడి ఎందుకని నేను ఒక రోజు మధ్యాహ్నం కుట్టు విప్పి, ఆవాలు తీసి, రాగులు నింపాను. రాగులు చలవ కదా. తీసిన ఆవాలు నా పోపుల పెట్టెలోకి వెళ్ళాయి. ఎవరికీ చెప్పలేదు. అమ్మమ్మను, నాకు తెలియదా అనుకున్నాను.

పాప పాలు తాగాక కాస్త కక్కుతుంది. అది దిండులోకి ఇంకుతుంది. ఆవాల ఘాటుకు దగ్గరికి రాని చీమ, పాల తడి పీల్చిన రాగులకు రాకుండా ఉంటుందా? పగలంతా చాప మీద దిండులోకి చేరేవి. సాయంత్రం పాపను మంచం మీదికి మార్చేటప్పుడు దిండు కూడా మార్చేవాళ్ళం. అంటే మంచం కోళ్ళకు నీళ్ళు కట్టి, తాడుకు ఆముదం రాసి, చీమలను మాత్రం నేనే ఎత్తుకెళ్ళి పాప చెవి కింద పెట్టాను. మూడు రోజులుగా దద్దుర్లన్నీ చెవి పక్కనా మెడ మీదా ఉంటే ఒక్కసారైనా నాకు తట్టలేదు.

మా ఆయనకు విషయం చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఆటపట్టించడానికి ఆయనకు ఇంత మంచి అవకాశం ఎప్పుడూ దొరకలేదు. ఒక్క మాట కూడా అనలేదు. పాప తలను అరచేత్తో ఎత్తి, "దిండు తియ్యి," అన్నాడంతే. అనకపోవడం నాకు ఎక్కువ తగిలింది.

దిండు తీసుకెళ్ళి పెరటి చివర నిమ్మచెట్టు అవతల కత్తిరించాను. రాగులతో పాటు చీమలు కుప్పగా పడ్డాయి. దిండు గుడ్డ మరిగే నీళ్ళలో వేసి, పిండి, ఎండలో ఆరేశాను. చాప, దుప్పట్లు, పాప బట్టలు అన్నీ అంతే. కిటికీ చీలికకు సిమెంటు పెట్టాం. ఆ పని ఆయనే చేశాడు. కిరాణా కొట్టు నుంచి కొత్త ఆవాలు తెప్పించి దిండు నింపి, చేతికి దొరికిన నల్లదారంతో మూతి కుట్టాను. సాయంత్రం ఆరింటికి గోడ మీద ఒక్క చీమ లేదు. గురువారం పొద్దునా లేదు. పాప ఒంటి మీద కొత్త దద్దురూ లేదు.

పదకొండు గంటలకు వీరరాఘవమ్మ కారు దిగింది. చేతిలో పెద్ద ఖాళీ సంచి. మా అమ్మాయి బట్టలు సర్దడానికని వేరే చెప్పక్కర్లేదు. మంచినీళ్ళు తాగకముందే పాపను ఎత్తుకుని, చెవులు, మెడ, చంకలు అన్నీ చూసింది. చాప ఎత్తి చూసింది. మంచం కింద వంగి చూసింది.

"వదిలిచ్చారే," అంది. "ఏం మందు కొట్టారు అన్నయ్యగారూ?"

"మందు కొట్టలేదు చెల్లెమ్మా," అని మా ఆయన నా వైపు చూశాడు.

అప్పటికి ఆవిడ చెయ్యి దిండు మీద పడింది. తను కుట్టిన దిండు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మూతి దగ్గర ఆగింది.

"నేను తెల్లదారంతో కుట్టా. ఈ కుట్టు ఎవరు విప్పారు?"

"నేనే చెల్లెమ్మా, చీమలు ఏమైనా ఉన్నయ్యేమోనని..." మా ఆయన అబద్ధం మొదలుపెట్టాడు. మంచి అబద్ధమే. దాన్ని పట్టుకుని ఒడ్డెక్కొచ్చు. కానీ తప్పు చేసింది నేను. దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి నా ఇంట్లో నేను తల ఎత్తుకు తిరగలేను.

"ఆయన కాదు వదినగారూ, నేను. ఎండలకి ఆవాలు వేడని తీసేసి రాగులు పోశా. మీకు చెప్పలా. ఆ రాగులకే చీమలు వచ్చినయ్. పాపని కుట్టిచ్చింది నేనే."

వీరరాఘవమ్మ దిండు మంచం మీద పెట్టింది. కోపంగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆవిడ అరవలేదు.

"ఇంక నేను చెప్పేదేముంది వదినగారూ," అంది. "అమ్మాయీ, బట్టలు సర్దుకో."

నా చేతులారా నేనే ఓడిపోయాను, ఇక ఏ నోటితో ఆగమంటాను?

లోపలి గది తలుపు దగ్గర యశస్విని నిలబడి ఉంది. చదువుతున్న చోట వేలు పెట్టి పుస్తకం మూసి పట్టుకుంది.

"అత్తయ్యా, నేను రాను."

ముగ్గురం తిరిగి చూశాం.

"నిన్న అమ్మతో వెళ్తానన్నా. గొడవెందుకని అన్నా. అన్నాక నాకు తిండి పోలేదు. పరీక్ష ఇంకా ఇరవై రోజులుంది అత్తయ్యా. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఎప్పుడో నాకు తెలవదు. నేను రాస్తా. రాసిన మర్నాడు నేనే బస్సెక్కి వస్తా, ఎవరూ పంపక్కర్లా."

"బిడ్డకి ఇట్టా అయినాక కూడానా?"

"అమ్మ తప్పు చేసింది. చేశానని మీ మొహం మీదే చెప్పింది గదా. ఇంకా మీకు నమ్మకం కుదరకపోతే మీరు కూడా ఉండండి. ఇరవై రోజులు ఇక్కడే ఉండి పాపని మీరిద్దరూ చూసుకోండి. అమ్మ ఏదైనా చేస్తే మీరు పట్టుకుంటారు. మీరు చేస్తే అమ్మ పట్టుకునిద్ది."

వీరరాఘవమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా కూతుర్ని తీసుకుపోకుండా ఉండాలని మూడు రోజులు మోకాళ్ళు అరగదీసుకున్నాను. నా కూతురు ఆవిడను తెచ్చి నా వంటింట్లో పెడుతోంది. ఇరవై రోజులు! మరుక్షణం నవ్వొచ్చింది. దానికి ఎదురు మాట్లాడటం రాదని నేను దిగులుపడింది ఎన్నేళ్ళు! ఇద్దరు తల్లుల ముందు నిలబడి, గొంతు పెంచకుండా, ఇద్దరికీ పని చెప్పింది. అంత గర్వం నాకు దాని పెళ్ళి రోజున కూడా కలగలేదు.

"మరి గేదెల్ని ఎవరు చూస్తారే?" అంది వీరరాఘవమ్మ. గొంతులో పట్టు అప్పటికే కాస్త సడలింది.

"మామయ్యగారికి పాలు పితకడం మీకంటే బాగా వచ్చని మీరే అన్నారుగా."

మా ఆయన దగ్గు వచ్చినట్టు నటించి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడ పాప కాళ్ళు నిమిరింది. ఖాళీ సంచి మడిచి మంచం కిందికి తోసింది. ఫోను తీసి కొడుకు హర్షకు చేసింది. "నా బీపీ మాత్రలు, నాలుగు చీరలు సాయంత్రం తెచ్చియ్యి. ఎందుకంటే ఏంది, నీ పెళ్ళాన్ని అడుగు," అని పెట్టేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఇంకో గ్లాసు బియ్యం కడిగాను.

యశస్విని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి చదువు సన్నగా బయటికి వినిపించడం మొదలైంది. అదే సమయానికి మా ఆయనకు ఏదో రైతు ఫోను చేశాడు. ఆయన అలవాటుగా గొంతెత్తి, "ఆకు అడుగున చూశావా పైన చూశావా?" అని అందుకున్నాడు.

వీరరాఘవమ్మ పాపను భుజం మార్చుకుని ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఆ ఫోను వాకిట్లోకి పోయి మాట్లాడండి. లోపల పిల్ల చదువుకుంటంది."

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.